ఏడేళ్లుగా నా కంప్యూటర్‌లో తుఫాన్లు: క్లైమేట్‌ప్రెడిక్షన్ డాట్ నెట్ అనుభవం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మా కిటికీ రెక్కలు ఊడి ఎటు పోయాయో ఇప్పటికీ తెలీదు. ఆ తర్వాత చాన్నాళ్లు గాలి గట్టిగా వీస్తే చాలు, టెన్షన్. వేడెక్కుతున్న భూమికీ తుఫాన్లకీ ఉన్న సంబంధం తేల్చే లెక్కల్లో మన ఇంటి కంప్యూటర్ కూడా ఓ చెయ్యి వేయొచ్చని తెలిసి క్లైమేట్‌ప్రెడిక్షన్ డాట్ నెట్ అనే ఈ ప్రాజెక్టులో చేరాను. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 2003లో మొదలుపెట్టారు. ఇంటి కంప్యూటర్లకి ఇలాంటి లెక్కలు పంపే బాయింక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని ప్రాజెక్టుకి కలిపితే చాలు.

ఇది వచ్చే వారం తుఫాను సంగతి చెప్పదు. మా పక్కింటి బాబాయ్ ఏటా అక్టోబరులో "ఏరా, నీ మిషన్ ఏమంటోంది?" అంటాడు. అది ఏమీ అనదు బాబాయ్, లెక్కలు చేసి పంపేస్తుంది, అంతే. బ్రిటన్ వాతావరణ సంస్థ మెట్ ఆఫీస్ వారి మోడల్‌నే (వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే ప్రోగ్రామ్) ఆరంభ పరిస్థితులు పిసరంత మార్చి వేలసార్లు నడుపుతారు, ఒకసారి ఇప్పటి వాతావరణంతో, ఇంకోసారి మనుషులు వదిలిన గ్రీన్‌హౌస్ వాయువులు లేని లోకంతో. ఏ లోకంలో విపరీతాలు ఎన్నిసార్లు వచ్చాయో పోల్చి చూస్తారు. అరుదైన ఘటనలు కదా, పది సార్లు నడిపితే ఏం తేలుతుంది? అందుకే మనలాంటి వాళ్ల మిషన్లు కావాలి. అయితే మోడల్ ప్రాంతాన్ని గడులుగా విడగొట్టి లెక్కిస్తుంది, 50 కిలోమీటర్ల గడుల్లో తుఫాను కన్ను సరిగ్గా కనపడదు, ఆ మోడల్‌కి అది పెద్ద పరిమితే.

వాడకం సంగతి. ఒక్కో టాస్కు, అంటే మన మిషన్‌కి పంపే ఒక్కో లెక్క, రోజుల తరబడి నడుస్తుంది, గ్రాఫిక్స్ కార్డుతో పని లేదు. మొదటి ఏడాది కరెంటు పోయినప్పుడల్లా ఆగిపోయి, రెండు మూడు టాస్కులు ఎర్రర్‌తో పోయాయి. తప్పు నాదే, యూపీఎస్ లేదు, పైగా బాయింక్ మూయకుండానే షట్‌డౌన్ కొట్టేవాణ్ణి. ఇప్పుడు ముందు టాస్కు సస్పెండ్ చేసి, బాయింక్ మూసి, ఆ తర్వాతే కంప్యూటర్ ఆపుతున్నాను, సస్పెండ్ చేసినప్పుడు టాస్కు మెమరీలోనే ఉండేలా సెట్టింగ్ కూడా పెట్టాను. ఓపెన్‌ఐఎఫ్ఎస్ అనే ఇంకో వాతావరణ మోడల్ టాస్కులు వేరే రకం, ఒక్కటే 5 జీబీ దాకా ర్యామ్ తింటుంది, నా 8 జీబీ మిషన్‌లో ఒకటి నడిస్తే గొప్ప. 2016లో అట్లాంటిక్‌లో వచ్చిన కార్ల్ తుఫాను మీద ఆ మోడల్‌నే వాడారు.

ఇంకోటి, పని ఎప్పుడూ ఉండదు. శాస్త్రవేత్తల దగ్గర ప్రయోగం ఉంటేనే వస్తుంది, ఒక్కోసారి వారాల పాటు ఖాళీ. క్రెడిట్ల (చేసిన లెక్కలకి ఇచ్చే పాయింట్లు) మీద మోజుతో చేరితే విసుగొస్తుంది. నేను నాలుగు కోర్లలో రెండే ఇచ్చాను, బిల్లు కాస్త పెరిగింది, ఇంట్లో రెండుసార్లు అక్షింతలు పడ్డాయి. రోహిణి కార్తెలో మాత్రం పూర్తిగా ఆపేస్తాను. గదిలో ఏసీ లేదు, భూమి సంగతి తర్వాత, ముందు మేమే ఉడికిపోతున్నాం.