బెంజ్ సర్కిల్ దగ్గర కార్డియో కోడింగ్ బ్యాచ్: క్లాసు గట్టిదే, నోట్సే పాతది

బెజవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల మెడికల్ కోడింగ్ (రోగి చార్టులోని జబ్బులకు, చికిత్సలకు బీమా క్లెయిము కోసం కోడ్లు వేసే పని) నేర్పే బోర్డులకు కొదవ లేదు. అక్కడి ఒక సెంటరు ఆదివారాలు నడిపే కార్డియాలజీ బ్యాచ్ గురించి ఈ నాలుగు మాటలు. బేసిక్ కోర్సు ముగించి సీపీసీ (కోడర్ల సర్టిఫికెట్ పరీక్ష) రాయబోయేవాళ్లకు పనికొస్తుంది. ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లకు తల తిరుగుతుంది.

గుండె కవాటాల్లో కాల్షియం పేరుకోవడం మీద చెప్పిన క్లాసుకు పూర్తి మార్కులు. చార్టులో ‘అయోర్టిక్ కాల్సిఫికేషన్’ అని కనబడగానే కవాటమే అనుకోకూడదు. అది బృహద్ధమనిదైతే జబ్బు కోడు ఐ70.0. కవాటానిదైతే కోడ్ పుస్తకం ఇండెక్సు ‘ఎండోకార్డైటిస్ చూడు’ అంటుంది. ఎండోకార్డైటిస్ అంటే గుండె లోపొర వాపు, ఇక్కడ ఇన్ఫెక్షనే లేదు కదా అని చాలామంది అక్కడే వెనక్కి తిరుగుతారు. దారి అదే, చేరేది ఐ35.8కి. డాక్టరు స్టెనోసిస్ (కవాటం ఇరుకవడం) అని రాస్తే ఐ35.0. లీకు కూడా ఉంటే రెండూ కలిపి ఐ35.2 ఒక్కటే, ఐ35.0, ఐ35.1 విడివిడిగా వేస్తే ఆడిట్‌లో దొరికిపోతారు.

రుమాటిక్ (రుమాటిక్ జ్వరం వల్ల వచ్చిన కవాట జబ్బు) తిరకాసు ఇంకా బాగా చెప్పారు. కారణం రాయని అయోర్టిక్ స్టెనోసిస్ నాన్‌రుమాటిక్ కిందికి పోతుంది. కారణం రాయని మైట్రల్ (గుండె ఎడమ గదుల మధ్య కవాటం) స్టెనోసిస్ మాత్రం రుమాటిక్, ఐ05.0. రెండు కవాటాలూ చెడి కారణం రాయకపోతే ఐ08.0. ఎనభై ఏళ్ల పెద్దాయనకు వయసుతో పట్టిన సున్నం అని చూడగానే అనిపించినా, ఆ ముక్క డాక్టరు రాయాల్సిందే. అందుకే క్వెరీ, అంటే డాక్టరుకు రాతలో ప్రశ్న. అందులో ‘నాన్‌రుమాటిక్ అని రాయండి’ అని అడగకూడదు. రుమాటిక్, నాన్‌రుమాటిక్, ఇతరం, చెప్పలేం అని నాలుగు ఎంపికలు ఇచ్చి, ఎంచుకోవడం డాక్టరుకే వదిలి సంతకం తీసుకోవాలి.

ఎకోలో (గుండె స్కానింగ్) అయోర్టిక్ కవాటం వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు, మీన్ గ్రేడియెంట్ (కవాటానికి అటూఇటూ సగటు ఒత్తిడి తేడా) 40 ఎంఎంహెచ్‌జీ, రక్తం వేగం సెకనుకు 4 మీటర్లు కనబడినా కోడరు తనంతట తాను ‘స్టెనోసిస్’ అనుకోరాదు. ఇన్‌పేషెంటుకు ఎకో రిపోర్టు ఒక్కటే చాలదు, చూసే డాక్టరు నోట్సులో ఉండాలి. ఔట్‌పేషెంటులో డాక్టరు చదివి తేల్చిన రిపోర్టు నుంచి తీసుకోవచ్చు, ‘ప్రాబబుల్’ అని ఉంటే వద్దు.

ఇక తంటా నోట్సుతో. మైట్రల్ యాన్యులస్ కాల్సిఫికేషన్‌కు (మైట్రల్ కవాటం చుట్టూ వలయంలో సున్నం) ఇప్పటికీ ఐ34.8 అనే అచ్చువేసి ఇస్తున్నారు. 2022 అక్టోబరు 1 నుంచి అది ఐ34.81, మిగతా మైట్రల్ తేడాలు ఐ34.89. పాత నాలుగక్షరాల కోడు చెల్లదు, క్లెయిము తిరిగొస్తుంది. టావర్‌కు (కాథెటర్‌తో అయోర్టిక్ కవాటం మార్చడం) 33361 చెప్పారు కానీ, కార్డియాలజిస్టు, సర్జన్ ఇద్దరూ కలిసి చేసినప్పుడు ఇద్దరి క్లెయిముల్లోనూ 62 మోడిఫయర్ (ఇద్దరు కలిసి చేశారని చెప్పే గుర్తు) ఉండాలన్న సంగతి వదిలేశారు.

ఫీజు కట్టేముందు ఏ ఏటి కోడ్ పుస్తకంతో చెబుతున్నారో అడగండి. తెరిచి ఐ34.81 చూపించమనండి.