750 రెట్లు అని రాసి ఉన్న టెలిస్కోప్ కొనకండి

పెరట్లోంచి గురుడి ఫొటో, శని వలయాల ఫొటో తీయాలని టెలిస్కోప్ కొనబోతున్నవాళ్లు డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. టెలిస్కోపుకు 18,500, దానికి తగిలించే కెమెరాకు 3,200 రూపాయలు పెట్టాను. డబ్బు సంగతి అలా ఉంచితే, మంచి సీజన్ పోయింది. అదే ఎక్కువ బాధ.

2026 జనవరి 10న గురుడు ఆకాశంలో సూర్యుడికి ఎదురు దిక్కున ఉన్నాడు. అలాంటప్పుడు పొద్దుగుంకే వేళకు తూర్పున లేచి రాత్రంతా ఉంటాడు, బింబం పెద్దగా కనిపిస్తుంది. పైగా ఈసారి పునర్వసు జంట నక్షత్రాల దగ్గర ఉండటంతో మా హనుమకొండలో అర్ధరాత్రికి దాదాపు నడినెత్తి మీదకు వచ్చేవాడు. గ్రహం ఎంత పైన ఉంటే మధ్యలో గాలి అంత తక్కువ, ఫొటో అంత స్పష్టం. ఇలా ఎదురుగా రావాలంటే మళ్లీ 13 నెలలు ఆగాలి. అందుకే డిసెంబరులో ఆన్‌లైన్లో కొన్నాను.

డబ్బా మీద "750 రెట్లు" అని పెద్ద అక్షరాలు. అద్దం వ్యాసం 114 మిల్లీమీటర్లు, ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ కుదిరే చోటికి దూరం) 1000 మిల్లీమీటర్లు. ఆ 750 ఎలా వచ్చిందంటే, ఆ 1000ని 4 మిల్లీమీటర్ల ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే కటకం) భాగిస్తే 250 రెట్లు, దానికి బొమ్మను మూడింతలు చేసే బార్లో లెన్స్ కలిపితే 750. లెక్కలో తప్పు లేదు, చూడటానికే పనికిరాదు. అద్దం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని రెండుతో గుణించండి. గాలి నిలకడగా ఉన్న రాత్రి కూడా దాదాపు అంతవరకే ఉపయోగం. నా అద్దానికి అది 228. ఆపైన బొమ్మ పెద్దదవుతుంది కానీ కొత్త వివరం ఒక్కటీ రాదు, మసక మాత్రం పెరుగుతుంది.

అసలు మోసం ఇంకోచోట ఉంది. ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఫోకల్ లెంగ్త్ 1000 అన్నారు, ట్యూబు చూస్తే అర మీటరే. మామూలు న్యూటోనియన్ (అడుగున పెద్ద అద్దం, పైన చిన్న అద్దం ఉండే రకం) అయితే ట్యూబు కూడా దాదాపు మీటరు ఉండాలి. ఇందులో ఫోకసర్ (ఐపీస్ పెట్టే చోటు) గొట్టం లోపల ఒక లెన్స్ బిగించి ఫోకల్ లెంగ్త్‌ను సాగదీశారు. దీన్ని బర్డ్-జోన్స్ రకం అంటారు. శ్రద్ధగా చేస్తే ఈ డిజైన్ కూడా పనిచేస్తుందట. కానీ చవక రకాల్లో అద్దం మామూలు గోళాకారపుది, ఆ లెన్స్ దాని లోపాన్ని సరిగ్గా సరిచేయదు. పైగా అద్దాలను వరుసలో పెట్టే కొలిమేషన్‌కు ఆ లెన్స్ అడ్డం. నేను మూడు రాత్రులు కూర్చున్నా కుదరలేదు. (మాక్సుటోవ్, ష్మిట్-కాసెగ్రైన్ రకాల ట్యూబులు సహజంగానే పొట్టిగా ఉంటాయి, వాటి సంగతి వేరు.)

స్టాండు గురించి కూడా చెప్పాలి. ఇది ఈక్వటోరియల్ మౌంట్, అంటే భూమి అక్షానికి సమాంతరంగా వంచి గ్రహం వెంట తిప్పే స్టాండు. మన అక్షాంశానికి తగ్గట్టు దాన్ని 18 డిగ్రీల దగ్గరికి వంచాలి. అంత కిందికి వంచితే నాకు వచ్చిన దాంట్లో సమతూకానికి పెట్టే బరువు బిళ్ల ట్రైపాడ్ కాలికి తగిలేది. ఫోకస్ మీట తిప్పితే గురుడు ఐదారు సెకన్లు ఊగేవాడు.

కెమెరా మీద 5 మెగాపిక్సెల్ అని ఉంది. ఫైళ్లు తెరిచి చూస్తే చిన్న బొమ్మను సాగదీసి పెద్దది చేసినట్టు తెలిసిపోతోంది. నిజానికి గ్రహాలకు మెగాపిక్సెల్స్‌తో పని లేదు. 1000 ఫోకల్ లెంగ్త్ దగ్గర గురుడి బింబం సెన్సర్ మీద పావు మిల్లీమీటరు కూడా ఉండదు. కావలసింది వేగం. రెండు మూడు నిమిషాల వీడియోలో వేల ఫ్రేములు తీసి, గాలి నిలకడగా ఉన్న క్షణాల ఫ్రేములను ఆటోస్టాకర్ట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఏరి ఒకదానిపై ఒకటి పేర్చాలి. గురుడు పది గంటల లోపే ఒక చుట్టు తిరుగుతాడు కాబట్టి వీడియో మరీ పొడవైతే వివరాలు చెరిగిపోతాయి. నా కెమెరా సెకనుకు 15 ఫ్రేములు, అవీ బాగా కుదించినవి.

తప్పు నాదేమోనని చాలా రోజులు అనుకున్నాను. మా వీధిలో ఒకాయన దగ్గర 6 అంగుళాల డాబ్సోనియన్ (పెట్టెలాంటి స్టాండు మీద చేత్తో తిప్పే న్యూటోనియన్) ఉంది, మోటారు కూడా లేదు. ఒకే రాత్రి ఇద్దరం పక్కపక్కన పెట్టాం. డాబా మీద కాంక్రీటు పగటి వేడి వదులుతూ బొమ్మను మరిగిస్తుందని ఆయనే పెరట్లోకి దింపించారు. గురుణ్ని ఫ్రేములో ఒక అంచు నుంచి ఇంకో అంచుకు జారనిస్తూ వీడియో తీశారు. రెండు పట్టీలు, ఎర్ర మచ్చ వచ్చాయి. నాకు వచ్చింది తెల్లటి ముద్ద.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. కిట్‌లో "సన్" అని రాసిన చిన్న నల్ల ఫిల్టర్ వచ్చింది, ఐపీస్‌కు బిగించేది. మీకూ వస్తే ఎట్టి పరిస్థితిలోనూ వాడొద్దు. అద్దం పోగుచేసిన ఎండంతా దాదాపు అక్కడే కేంద్రీకృతమవుతుంది. వేడికి అది పగిలితే కన్ను పక్కకు తీసే లోపే చూపు పోతుంది. మా అన్నయ్య కొడుకు పదేళ్లవాడు, వచ్చిన రోజే "బాబాయ్, సూర్యుణ్ని చూద్దాం" అన్నాడు. ఆ రోజు మబ్బు పట్టింది కాబట్టి సరిపోయింది. సూర్యుడికి వాడే ఫిల్టర్ ట్యూబు ముందువైపు నోరంతా కప్పేదే అయి ఉండాలి.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "మీకు ఫోకస్ చేయడం రాలేదు" అన్నారు, తర్వాత వారం గడువు దాటిందన్నారు. టెలిస్కోప్ వచ్చిన తొలి రాత్రుల్లోనే ఒక మెరిసే నక్షత్రాన్ని చూసి ఫోకస్ కొంచెం తప్పించండి. ఒకే కేంద్రం చుట్టూ గుండ్రటి వలయాలు కనిపించాలి. ఒక పక్కకు సాగితే కొలిమేషన్ తప్పినట్టు. సరిచేసినా కుదరకపోతే గడువులోపే వెనక్కి పంపండి. ఆర్డర్ చేసేటప్పుడే ప్రకటన పేజీ స్క్రీన్‌షాట్ తీసుకోండి. నేను తీసి ఉంచాను కాబట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసినప్పుడు నా మాట నిలబడింది. ముందు 30 శాతం ఇస్తామన్నారు, ఒప్పుకోలేదు. చివరికి వెనక్కి తీసుకున్నారు.

పికప్ మనిషికి అన్నీ ఇచ్చాను, ఆ నల్ల ఫిల్టర్ తప్ప. అది ఇంకో ఇంటికి వెళ్లకూడదని ముందే పగలగొట్టేశాను. దానికి ఎంత పట్టుకుంటారో పట్టుకోమని రాసిచ్చాను.