క్యూఎస్ ర్యాంకా, షాంఘై ర్యాంకా?

ప్రపంచంలోని విశ్వవిద్యాలయాలకు ఏటా ర్యాంకులిచ్చే జాబితాల్లో రెండు క్యూఎస్, షాంఘై. క్యూఎస్ జాబితాలో 2012 ఎడిషన్ నుంచీ మొదటి స్థానం ఎంఐటీది. 2003లో మొదలైన షాంఘై జాబితాలో ఏటా హార్వర్డ్‌దే. తేడా అంతా కొలిచే పద్ధతిలో ఉంది.

క్యూఎస్‌లో 30 శాతం మార్కులు ప్రొఫెసర్ల అభిప్రాయ సర్వేకి, 15 శాతం ఉద్యోగాలిచ్చే సంస్థల సర్వేకి. అంటే దాదాపు సగం పేరుప్రతిష్ఠలే. పేరు నెమ్మదిగా వస్తుంది, నెమ్మదిగానే పోతుంది. అందుకే పాత విశ్వవిద్యాలయాలకు ఇక్కడ కాస్త మొగ్గు.

షాంఘైలో సర్వే ఊసే లేదు. నోబెల్ బహుమతులకు, గణితంలో ఇచ్చే ఫీల్డ్స్ పతకాలకు కలిపి 30 శాతం: పూర్వ విద్యార్థులవి 10, అధ్యాపకులవి 20. అధ్యాపకుడు బహుమతి వచ్చిన నాటికి అక్కడే పనిచేస్తూ ఉండాలి. నేచర్, సైన్స్ పత్రికల్లో వ్యాసాలకు మరో 20. సాహిత్యం, చరిత్ర శాఖలు ఎంత గొప్పవైనా ఈ లెక్కలో పెద్దగా కలిసిరావు. పాఠం ఎలా చెబుతారన్నది నేరుగా కొలిచే అంశమూ లేదు. క్యూఎస్‌లోనూ అధ్యాపక-విద్యార్థి నిష్పత్తికి ఇచ్చే 10 శాతమే దిక్కు.

సైన్స్‌లో పీహెచ్‌డీకైతే షాంఘై చూడండి, అదీ సబ్జెక్టు జాబితా. డిగ్రీ అవగానే ఉద్యోగం కావాలంటే క్యూఎస్‌లో మొత్తం ర్యాంకు వదిలేసి ఉద్యోగ సంస్థల సర్వే మార్కు చూడండి.