షియాన్ చారిత్రక స్థలాల సందర్శన: దేనికి ఎంత సమయం కేటాయించాలి

చైనాలోని షియాన్ నగరాన్ని ఒక్క రోజులో చూపించేస్తామని చెప్పే ప్యాకేజీలు చాలా ఉన్నాయి. ఉదయం మట్టి సైనికులు, మధ్యాహ్నం పగోడా, సాయంత్రం కోటగోడ, రాత్రి దీపాల వీధి అన్న వరుసలో పరుగులు పెట్టించే ఆ ప్రయాణాలను నేను ఎవరికీ సిఫారసు చేయను. ఒకప్పుడు ఛాంగాన్ అన్న పేరుతో హాన్, టాంగ్ వంశాలకు రాజధానిగా వెలిగిన ఈ నగరంలో చూడదగ్గవి చాలానే ఉన్నాయి గానీ, వాటిలో ఏదీ పైపైన చూసి వెళ్లిపోయేవారికి అందేది కాదు. తక్కువ చోట్లకు వెళ్లి, వెళ్లిన చోట ఎక్కువసేపు ఉండేవారికి మాత్రం ఇక్కడ పెట్టిన ప్రతి యువానుకూ తగిన ఫలం దక్కుతుంది.

అందరూ మొదట వెళ్లేది మట్టి సైనికుల దగ్గరికే. ఛిన్ షి హువాంగ్ చక్రవర్తి సమాధి కోసం భూమిలో పూడ్చిపెట్టిన మట్టి బొమ్మల సైన్యం ఇది. నగరానికి తూర్పున, సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, లిన్‌టోంగ్ ప్రాంతంలో ఉన్న ఈ స్థలం 1974 మార్చిలో బావి తవ్వుతున్న రైతులకు మట్టి బొమ్మల ముక్కలు దొరకడంతో బయటపడింది. టికెట్ ధర 120 యువాన్లు. పాస్‌పోర్టు వివరాలతో ముందుగానే బుక్ చేసుకోవాలి, లోపలికి వెళ్లేటప్పుడు ఆ పాస్‌పోర్టునే చూపించాలి. మెట్రో 9వ లైనులో హువాచింగ్ చి స్టేషను దాకా వెళ్లి అక్కడి నుంచి సిటీ బస్సు ఎక్కితే ఖర్చు చాలా తక్కువ, దారి తప్పే ప్రమాదం కూడా లేదు. మేము మాత్రం ఒక ట్రావెల్స్ సంస్థ బస్సులో వెళ్లాం. ఆ బస్సు దారిలో నకలు బొమ్మలు తయారుచేసి అమ్మే ఒక దుకాణం దగ్గర ఎంతసేపు ఆగిందంటే, అసలు సైనికుల ముందు నిలబడే సమయానికి గైడు గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. దుకాణంలో పోయిన ఆ సమయం సైనికులు బయటపడిన తవ్వకపు గుంతల దగ్గర దక్కవలసినది. అది ఆ స్థలం తప్పు కాకపోయినా, డబ్బు కట్టినవారికి నష్టమే. డబ్బు కట్టే ముందే బస్సు ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగుతుందో రాతపూర్వకంగా అడిగి తీసుకోవడం మంచిది.

మొదటి గుంత పొడవు 230 మీటర్లు, వెడల్పు 62 మీటర్లు. తలుపు దాటగానే ఎదురయ్యే దృశ్యం ఎన్ని ఫొటోలు చూసి వచ్చినవారినైనా ఆపేస్తుంది. అందువల్లే అందరూ ఆ ముందు కటకటాల దగ్గరే గుమిగూడతారు, అక్కడే తోపులాట. నా సలహా ఏమిటంటే, ముందు వరుసను ఒకసారి చూసి వెంటనే పక్క దారిన వెనుక భాగానికి నడవాలి. అక్కడ ఇంకా అతికించని మొండేలు, చేతులు, గుర్రాల తలలు మట్టిలో ఎలా పడినవి అలాగే ఉన్నాయి. పైకప్పు దూలాలు కూలి, వాటి బరువుకు బొమ్మలు ఎలా నలిగాయో కళ్లకు కడుతుంది. ముందు వరుసల్లో నిటారుగా నిలబడిన ప్రతి సైనికుణ్నీ ఇలాంటి ముక్కల గుట్టలోంచే ఏరి కూర్చారని ఇక్కడే అర్థమవుతుంది. ముక్కలను సరిచూసి అతికించే పని నేటికీ సాగుతూనే ఉంది.

గాజుపెట్టెలో ఉన్న మోకాలిపై కూర్చున్న విలుకాడి దగ్గర తప్పక ఆగాలి. ఆ బొమ్మను ముందు నుంచి చూసి వెళ్లిపోతే లాభం లేదు, వెనక్కి వెళ్లి పైకి తిరిగి ఉన్న కుడి పాదాన్ని చూడాలి. చెప్పు అడుగున కుట్ల వరుసలు మడమ దగ్గరా మునివేళ్ల దగ్గరా దట్టంగా, నడుమ పలచగా చెక్కి ఉన్నాయి. భూమిలో పూడ్చిపెట్టడానికి చేసిన బొమ్మకు, ఎవరి కంటా పడని అరికాలి మీద, జారిపోకుండా ఉండే చెప్పు ఎలా కుడతారో తెలిసిన పనివాడు ఇంత శ్రద్ధ చూపాడు. ఈ సైనికులందరికీ ఒకప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, ఊదా వంటి రంగులు ఉండేవి. రంగు కింద పూసిన లక్క పొర తవ్వకంలో బయటి గాలి తగలగానే ఆరి, ముడుచుకుని, రంగుతో సహా రాలిపోయేది. క్రీ.పూ. 210లో మరణించిన ఛిన్ షి హువాంగ్ చక్రవర్తి అసలు సమాధిని ఇంతవరకూ తెరవకపోవడానికి ఇలాంటి అనుభవాలూ ఒక కారణమే. ఆ నిర్ణయం నాకు ఎంతో గౌరవం కలిగించింది.

1980 డిసెంబరులో దొరికిన రెండు కంచు రథాలు ఇప్పుడు సమాధి దిబ్బ ఉన్న లిషాన్ తోటలో వేరే ప్రదర్శనశాలలో ఉన్నాయి. అదే టికెట్టు మీద, గుంతల దగ్గర నుంచి నడిచే ఉచిత బస్సులో వెళ్లవచ్చు. చాలా ప్యాకేజీలు దీన్ని వదిలేస్తాయి, అది పెద్ద లోటు. అసలు రథానికి సగం కొలతలో, ఒక్కొక్కటీ మూడువేలకు పైగా విడిభాగాలతో చేసిన ఆ రథాల కళ్లేలూ గొడుగూ చూస్తే, ఇంత మంది సైనికులను చూసి వచ్చిన తర్వాత కూడా కొత్తగా అబ్బురపడతాం.

ఇక నగరంలో నా మనసుకు అన్నిటికంటే దగ్గరైనది బేలిన్, అంటే శిలాశాసనాల వనం. పాత కన్ఫ్యూషియస్ ఆలయ ప్రాంగణంలో 1087లో మొదలైన ఈ సేకరణకు మట్టి సైనికుల దగ్గర ఉండే జనంతో పోలిస్తే చాలా తక్కువమందే వస్తారు. కన్ఫ్యూషియస్ సంప్రదాయ గ్రంథాలు ఇక్కడ 114 రాతిపలకల మీద, రెండు వైపులా చెక్కి ఉన్నాయి. ఆ చెక్కడం క్రీ.శ. 837లో పూర్తయింది. ముద్రణ వ్యాపించని రోజుల్లో గ్రంథపాఠం చెడిపోకుండా, ఎవరికి అనుమానం వచ్చినా వచ్చి సరిచూసుకునేందుకు రాతిలో నిలిపిన ప్రమాణం ఇది. చైనా లిపి రాని నాకు కూడా ఆ పలకల నడుమ నడుస్తుంటే అక్షరం పట్ల ఒక సమాజానికి ఉన్న భక్తి తెలిసివచ్చింది. క్రీ.శ. 781 నాటి మరో శాసనం చైనాకు క్రైస్తవం వచ్చిన కథ చెబుతుంది. దాని పైభాగంలో చిన్న శిలువ, కింద చైనా అక్షరాల పక్కనే పశ్చిమాసియా క్రైస్తవులు వాడిన సిరియాక్ లిపిలో పేర్లు ఉన్నాయి. టాంగ్ చక్రవర్తి తాయ్‌జోంగ్ యుద్ధాశ్వాల శిల్పాలు ఆరింటిలో నాలుగు ఇక్కడే ఉన్నాయి. మిగిలిన రెండూ 20వ శతాబ్దం మొదట్లో దేశం దాటి, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉన్నాయి. వాటి చోట నకళ్లు పెట్టారు. అసలు ఏదో నకలు ఏదో చూపే ఫలకాన్ని చదివి చూడటం మేలు. ముఖ్యమైన శాసనాల ముందు గాజు ఉండటం వల్ల వెలుతురు అడ్డుపడుతుంది, ఇంగ్లీషు వివరణలు మరీ క్లుప్తంగా ఉన్నాయి. ఈ రెండు లోపాలూ నిజమే గనుక, ఇక్కడ మంచి గైడు మీద పెట్టే ఖర్చు వృథా కాదు.

దా యాన్‌టా పగోడా మన తెలుగువారికి ప్రత్యేకం. క్రీ.శ. 645లో భారతదేశం నుంచి 657 గ్రంథాలతో తిరిగివచ్చిన హ్యూయెన్ త్సాంగ్, వాటిని భద్రపరచడానికి 652లో కట్టించిన కట్టడం ఇది. ఆయన తన యాత్రలో ధాన్యకటకాన్ని దర్శించి, అక్కడి పూర్వశైల, అపరశైల విహారాలను వర్ణించాడు. కృష్ణాతీరం చూసిన మనిషి తిరిగివచ్చి కూర్చుని అనువాదాలు చేసిన ప్రాంగణంలో నడుస్తున్నామన్న ఎరుకతో చూస్తే ఆ ఇటుక గోపురం వేరుగా కనిపిస్తుంది. 8వ శతాబ్దం తొలి ఏళ్లలో తిరిగి కట్టిన ప్రస్తుత పగోడా ఏడంతస్తులది, ఎత్తు సుమారు 64 మీటర్లు. కొద్దిగా వాయవ్యం వైపు ఒరిగి ఉంటుంది. పైకి ఎక్కడానికి ప్రత్యేక టికెట్టు కొనాలి. మెట్లు ఇరుకు, పైన కిటికీలు చిన్నవి, కనిపించేది కొత్త నగరం. ఎక్కకపోయినా పోయేదేమీ లేదన్నది నా అభిప్రాయం. కింద దక్షిణ ద్వారానికి రెండు వైపులా టాంగ్ కాలపు ప్రసిద్ధ లిపికారుడు చూ సూయ్‌లియాంగ్ చేతిరాతలో చెక్కిన 653 నాటి శాసనాలను మాత్రం వదలకూడదు. బయట చౌకులోని నీటి ఫౌంటెన్లు, దక్షిణాన దీపాల వీధి పిల్లలకు సంతోషాన్నిస్తాయి. అవి ఈ కాలపు నిర్మాణాలు, చరిత్ర కోసం వచ్చినవారు వాటికి పెద్దగా సమయం పెట్టనక్కరలేదు.

డ్రమ్ టవర్ వెనుక సందుల్లో ఉన్న పెద్ద మసీదు ఊహకు అందనంత ప్రశాంతమైన చోటు. మినారు స్థానంలో చైనా మంటపం, నీలిరంగు పెంకుల కప్పు, చెక్క తోరణాలు, ఒకదాని వెనుక ఒకటిగా ప్రాంగణాలు. చైనాలోని ఆలయాలు సాధారణంగా దక్షిణానికి చూస్తాయి, ఇక్కడ మాత్రం ప్రాంగణాలన్నీ మక్కా దిశగా పడమటికి సాగుతాయి. ప్రార్థన మందిరంలోకి ముస్లిమేతరులకు ప్రవేశం లేదు గనుక గడప దగ్గరే ఆగాలి. మసీదుకు వెళ్లే సందంతా అమ్మకాలతో హడావిడిగా ఉంటుంది. శాకాహారులు అక్కడ తినే ముందు ప్రతిదీ అడిగి తెలుసుకోవాలి.

కోటగోడకు టికెట్టు 54 యువాన్లు. మింగ్ వంశం తొలి కాలంలో, 1370లలో కట్టిన ఈ గోడ ఎత్తు 12 మీటర్లు, చుట్టుకొలత సుమారు 13.7 కిలోమీటర్లు. పైన రహదారిలా విశాలంగా ఉంటుంది, అద్దెకు సైకిళ్లు దొరుకుతాయి. ఇటుకల సందుల వల్ల కుదుపు బాగా ఉంటుంది, నడుము నొప్పి ఉన్నవారు దక్షిణ ద్వారం చుట్టుపక్కల నడిస్తే చాలు. ప్రతి 120 మీటర్లకు ఒక బురుజు గోడలోంచి బయటికి పొడుచుకువచ్చి ఉంటుంది. ఏ రెండు బురుజుల మధ్య చేరిన శత్రువునైనా అటూ ఇటూ బాణాలతో కొట్టగలిగే లెక్క అది. పైన నీడ లేదు, వేసవి మధ్యాహ్నం ఎక్కితే ఆ అందమేదీ కంటికి ఆనదు, సాయంత్రమే సరైన వేళ.

షాన్‌షీ చరిత్ర మ్యూజియంలో సాధారణ ప్రవేశం ఉచితమే గానీ ముందస్తు బుకింగ్ తప్పనిసరి. ఆ బుకింగ్ దొరకడమే అసలు కష్టం. ప్రయాణం ఖాయమైన వెంటనే మొదట ప్రయత్నించవలసింది దీనికోసమే. దొరక్కపోతే షియావ్ యాన్‌టా పగోడా పక్కనున్న షియాన్ మ్యూజియం మంచి ప్రత్యామ్నాయం. నగరమంతటా చెల్లింపులు ఫోనులోనే జరుగుతాయి, అక్కడి చెల్లింపుల యాప్ అలీపేకు మన కార్డును ఇంటి దగ్గరే జతచేసుకోవాలి. గూగుల్ సేవలూ వాట్సాపూ అక్కడ మామూలుగా పనిచేయవు, అనువాదం చేసే యాప్‌ను ముందే ఆఫ్‌లైన్‌లో దించుకోవాలి. మే డే సెలవులూ, అక్టోబరు మొదటి వారపు జాతీయ సెలవులూ తప్పించుకుని వెళ్లగలిగితే మొదటి గుంత ముందు కటకటాల దగ్గర కూడా ఊపిరాడే చోటు దొరుకుతుంది.