చెక్క అచ్చులతో బట్టల మీద ప్రింటింగ్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు అడిగేది ఏ అచ్చులు కొనాలనే. టేకు, రబ్బరు, లైనోలియం (చెక్కడానికి వీలైన మెత్తటి షీటు) అన్నీ వాడాక నేను చెప్పేది మాత్రం ముందు బల్ల సంగతి చూసుకోమని. ఉత్త బల్ల మీద ఎంత మంచి అచ్చు అద్దినా రంగు అక్కడక్కడా ఎగిరిపోతుంది. కింద నాలుగైదు పొరల గోనెపట్టా, దాని మీద మందపాటి దుప్పటి, అన్నిటికన్నా పైన పాత నూలు గుడ్డ ముడత లేకుండా బిగించి చూడండి. అదే అచ్చు, అదే రంగు, కానీ పువ్వు మొత్తం నిండుగా పడుతుంది. బట్టలోంచి దిగిన రంగును పై గుడ్డ పీల్చుకుంటుంది కాబట్టి దాన్ని తరచూ మార్చాలి.

రంగు ట్రే కూడా అంతే ముఖ్యం. మామూలు స్పాంజి నొక్కితే రంగు ఉబికి, అచ్చు గాడుల్లోకి వెళ్లిపోతుంది. తడిపి పిండిన ఫెల్టు (ఉన్నిని అదిమి చేసిన మందపాటి గుడ్డ) ముక్క మీద రంగును పల్చగా పరిస్తే గీతలు శుభ్రంగా వస్తాయి.

అచ్చుల్లో నా ఓటు టేకుకే. కొత్త అచ్చును కొన్ని రోజులు నూనెలో ఉంచి, బాగా తుడిచి వాడితే పగుళ్లు రావు. పెద్ద అచ్చుకు గాలి పోయే రంధ్రాలు ఉన్నాయో లేదో చూసి కొనండి. పని అవగానే పాత టూత్ బ్రష్‌తో కడిగి నీడన ఆరబెట్టాలి. నీళ్లలో నానబెడితే చెక్క వంకరపోతుంది. రబ్బరు అచ్చులు కాగితానికి బాగుంటాయి కానీ, ముతక నూలు మీద గుద్దితే సన్నగీతలు పక్కకు వంగుతాయి.

రంగుల్లో పిగ్మెంట్ (నీళ్లలో కరగని రంగు), బైండర్ (దాన్ని బట్టకు అతికించే జిగురు) కలిపి వాడటం తేలిక. ఆరాక ఇస్త్రీ వేడి బాగా తగిలిస్తే నిలుస్తుంది. కానీ రంగు పైనే ఉండిపోతుంది కాబట్టి పెద్ద పెద్ద మోటిఫ్‌ల దగ్గర బట్ట గట్టిపడుతుంది, ముదురు రంగులు రాపిడికి వెలిసిపోతాయి. చీరకో, పిల్లల బట్టలకో అయితే నేను రియాక్టివ్ రంగులే (నూలు పోగుతోనే కలిసిపోయే రంగులు) వాడతాను. ఆల్జినేట్ జిగురు (సముద్రపు నాచు నుంచి తీసేది) కలపాలి, ఆవిరి పట్టాలి, చివర్లో చాలాసార్లు జాడించాలి. శ్రమే, అయినా బట్ట మెత్తదనం పోదు. ఇవి పాలిస్టర్‌కు పట్టవు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కరక్కాయ నల్లరంగు. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన బట్ట లేత పసుపుగా ఉంటుంది. తుప్పు ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన ద్రావణాన్ని చిక్కబరిచి దాని మీద అద్దితే, గీత ముందు బూడిద రంగులో కనిపించి, గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం నాకు కొత్తగానే ఉంటుంది. ఇనుము ఎక్కువైతే మాత్రం కొంతకాలానికి ఆ గీతల దగ్గరే బట్ట చివికిపోతుంది.

ఏ రంగు వాడినా ముందు బట్టలోని గంజి పోవాలి. చాకలి సోడా వేసి ఉడికించి ఆరాక, ఒక నీటి చుక్క వేయండి. వెంటనే ఇంకకుండా పైన నిలబడితే మళ్లీ ఉడికించాల్సిందే.