పచ్చ డబ్బా, నల్ల డబ్బా: మూడేళ్ళ వాడకం తర్వాత

నా దగ్గర రెండు కలర్ పెన్సిల్ డబ్బాలున్నాయి. ఒకటి 24 రంగుల పచ్చ అట్టడబ్బా, పిల్లలు స్కూలుకి పట్టుకెళ్ళే రకం. రెండోది 72 రంగుల నల్ల రేకుడబ్బా, మూత మీద ‘ఆర్టిస్ట్’ అని బంగారు అక్షరాలు. మొదటిది 200 రూపాయల లోపు, రెండోది 1500 పైమాట. మూడేళ్ళుగా రెండూ వాడుతున్నాను. కంపెనీల పేర్లు రాయడం లేదు. ఆ ధరలో దొరికే డబ్బాలు ఇంకో నాలుగు వాడి చూశాను, బుద్ధులన్నీ ఇంచుమించు ఒక్కటే.

నేను పెద్ద ఆర్టిస్టునేం కాదు. వారమంతా ఆఫీసు, ఆదివారం పొద్దున్నే విశాఖ ఫిషింగ్ హార్బర్. బోట్లు, వలలు, ఐసు పెట్టెలు, వాటి చుట్టూ తిరిగే కొంగలు. మొదట్లో పచ్చ డబ్బా ఒక్కటే ఉండేది. ఒకరోజు గట్టు మీద కూర్చుని ఓ బోటు వేస్తుంటే, వల బాగుచేసుకుంటున్న పెద్దాయన వెనక నుంచి తొంగి చూశాడు. “బొమ్మ బాగుంది గానీ బాబూ, మా బోటు అంత పాలిపోయి లేదు” అన్నాడు. నిజమే. బోటుకి వేసింది మెరిసే ముదురు నీలం. నా కాగితం మీద ఉన్నది నాలుగుసార్లు ఉతికిన యూనిఫారం నీలం. గట్టిగా రుద్దితే కాగితం చిరిగేట్టుంది తప్ప రంగు మాత్రం ముదరడం లేదు.

తప్పు చేతిది కాదని తర్వాత అర్థమైంది. కలర్ పెన్సిల్ ముల్లులో రంగుపొడి ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే మైనమో నూనో ఉంటుంది, మిగతాది తెల్లమట్టి లాంటి పూరకం. ధర తగ్గేకొద్దీ రంగుపొడి తగ్గి మట్టి పెరుగుతుంది. ఎంత రుద్దినా అందులో లేని రంగు ఎక్కడి నుంచి వస్తుంది? మామూలు నల్ల పెన్సిల్ ముల్లుని బట్టీలో కాలుస్తారు, దీన్ని కాల్చరు. అందుకే ఇది అంత పెళుసు. డబ్బా ఒక్కసారి చేయిజారి కింద పడిందంటే పైకి ఏమీ కనిపించదు, లోపల ముల్లు మూడు ముక్కలై ఉంటుంది. చెక్కిన ప్రతిసారీ మొన ఊడి చేతిలోకి వస్తుంది.

కొనేటప్పుడు పెన్సిళ్ళ వెనక వైపు చూడండి. ముల్లు చెక్కకి సరిగ్గా మధ్యలో ఉండాలి. ఒక పక్కకి జరిగి ఉంటే షార్పనర్లో పెట్టగానే ఒకవైపు చెక్క మిగిలిపోతుంది, ఎన్నిసార్లు తిప్పినా అంతే. నా పచ్చ డబ్బాలో 24లో ఐదు అలాంటివే. నల్ల డబ్బాలో రెండే వచ్చాయి. షాపు వాళ్ళు డబ్బా విప్పి చూపించడానికి కొంచెం మొహం మాడుస్తారు, పట్టించుకోకండి. షార్పనర్ సంగతి కూడా చెప్పాలి. మన ఊరి ఉప్పుగాలికి దాని బ్లేడు రెండు నెలల్లో తుప్పు పడుతుంది. మొద్దుబారిన బ్లేడు చెక్కని కొయ్యదు, ముల్లుని మెలిపెట్టి విరుస్తుంది. చాలామంది పెన్సిల్‌ని తిట్టుకునేది ఇక్కడే. నేనిప్పుడు మామూలు షేవింగ్ బ్లేడుతో చెక్కుతున్నాను. మొన పొడుగ్గా వస్తుంది, విరగడం సగానికి సగం తగ్గింది.

ఇక కాగితం. నల్ల డబ్బా కొన్నరోజు ఎంతో ఆశగా పిల్లల డ్రాయింగ్ పుస్తకంలోనే మొదలుపెట్టాను. పచ్చ డబ్బాకీ దీనికీ ఏమంత తేడా కనిపించలేదు. 1500 సముద్రంలో పోశానని రెండ్రోజులు బాధపడ్డాను. తర్వాత ఆఫీసులో ఒకాయన దగ్గర 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి 200 గ్రాముల బరువు) మందం, కాస్త గరుకు ఉన్న షీటు ఒకటి దొరికింది. అదే పెన్సిల్, అదే చెయ్యి, రంగు వేరే. కాగితం గరుకులో ఉండే సన్నటి గుంటలే రంగుని పట్టుకుంటాయి. నున్నటి కాగితం మీద రెండు పొరలు వేసేసరికి గుంటలు నిండిపోతాయి, మూడోది జారిపోతుంది. గరుకు కాగితం ఆరేడు పొరలు తీసుకుంది. విచిత్రం ఏమిటంటే పచ్చ డబ్బా కూడా ఆ కాగితం మీద చాలా మర్యాదగా ప్రవర్తించింది. 1500 చేతిలో పెట్టి ఏం కొనుక్కుంటావని ఇప్పుడు అడిగితే ముందు కాగితమే కొంటాను. వానాకాలంలో ఆ కాగితాన్ని బయట వదిలేయకండి. చెమ్మ తాగితే మెత్తబడి, పెన్సిల్ తగలగానే పీచు లేస్తుంది. మాత్రల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు వేసి కవర్లో కట్టి పెడతాను.

భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలు వేసినప్పుడే నాకు ఈ రెండు డబ్బాలూ బాగా అర్థమయ్యాయి. పచ్చ డబ్బాలో గోధుమరంగు ఒక్కటే, నారింజ ఒక్కటే. అయినా పని జరిగింది. ముందు మొత్తం పసుపు, అసలు నొక్కకుండా, పెన్సిల్ బరువు మాత్రమే ఆనేలా. దాని మీద నారింజ అడ్డంగా, తర్వాత గోధుమరంగు నిలువుగా. వాన నీళ్ళు కోసిన గాడుల్లో నీడకి నలుపు పెట్టి మొదటి బొమ్మ పాడుచేశాను, దిబ్బ కాస్తా బొగ్గుకుప్పలా తయారైంది. రెండోసారి నలుపు జోలికి పోకుండా ముదురు నీలం ఒక పొర వేసి పైన మళ్ళీ గోధుమరంగు రుద్దితే నీడ లోతుగా దిగింది. నల్ల డబ్బాలో అదే పనికి ఆరు రకాల మట్టిరంగులున్నాయి, గంటన్నర పని ముప్పావుగంటలో అయింది. తొందరగా అయిందే గానీ మెరుగ్గా వచ్చిందని చెప్పలేను.

నల్ల డబ్బాకి తనదంటూ ఒక జబ్బు ఉంది. ముదురు రంగులు దట్టంగా వేసి పక్కన పెడితే, రెండు వారాల్లో పైన తెల్లటి పొర వచ్చింది, నల్లద్రాక్ష మీద బూడిదలా. ఊళ్ళో చెమ్మకి బూజు పట్టిందనుకుని టెన్షన్ పడ్డాను. బూజు కాదు, ముల్లులోని మైనం పైకి తేలడం. మెత్తటి గుడ్డతో అలా అంటే పోతుంది, తర్వాత ఫిక్సేటివ్ స్ప్రే, అంటే బొమ్మ చెరగకుండా పైన కొట్టేది, కొడితే మళ్ళీ రాదు. నూనె రకం పెన్సిళ్ళకి ఈ బెడద దాదాపు ఉండదు. గీతలు కలిసిపోవడానికి బేబీ ఆయిల్ రాయమని ఒక వీడియోలో చూసి, ఇంట్లో లేదని కొబ్బరినూనె రాశాను. బీచ్‌లో బజ్జీలు కట్టిచ్చిన కాగితంలా తయారైంది. మీరు ఆ పని చేయకండి.

అసలు దెబ్బ రంగు వెలిసిపోవడం దగ్గర తగిలింది. మా చెల్లెలి ఇంటికి ఒక గోడ, దాని మీద విరగబూసిన కాగితం పూలు వేసిచ్చాను, నల్ల డబ్బాతోనే. ఎండ పడే హాల్లో తగిలించారు. ఏడాదికి వెళితే, “అన్నయ్యా, ఇవి తెల్ల కాగితం పూలా?” అని అడిగింది మా చెల్లెలి పక్కింటావిడ. గులాబీ మొత్తం పోయింది. గోడా, ఆకులూ నిక్షేపంలా ఉన్నాయి.

ఇంటికొచ్చి రెండు డబ్బాల్లోని అన్ని రంగులూ కాగితం ముక్కల మీద పట్టీలుగా గీసి, సగం భాగం అల్యూమినియం ఫాయిల్‌తో కప్పి, పడమటి కిటికీకి అంటించాను. ఏప్రిల్ నుంచి జూలై దాకా ఉంచాను. ఫాయిల్ తీస్తే, రెండింట్లోనూ గులాబీ, ఊదా వెలిసిపోయి ఉన్నాయి. నీలాలు కొంచెం తగ్గాయి. మట్టిరంగులు, నలుపు ఇసుమంత కూడా మారలేదు. మట్టిరంగులకి సాధారణంగా వాడేది ఇనుప ఆక్సైడ్. దిబ్బలకి ఆ ఎరుపు ఇచ్చింది కూడా అదే. చవకది, ఎండకి లొంగదు. గులాబీ, ఊదాల్లో నిలిచే రంగుపొడి ఖరీదు ఎక్కువ, చవక డబ్బాలో దానికి డబ్బు పెట్టరు. కలర్ పెన్సిళ్ళ రంగు నిలకడకి అమెరికాలో ప్రమాణాలు తయారుచేసే ఏఎస్‌టీఎం సంస్థది డి-6901 అని ఒక ప్రమాణమే ఉంది. ఫేబర్ కాసిల్ కంపెనీ పాలీక్రోమోస్ లాంటి ఖరీదైన పెన్సిళ్ళ మీద ఒక్కోదానికీ నక్షత్రాల గుర్తులుంటాయి, మూడు నక్షత్రాలుంటే బాగా నిలిచే రంగు. 1908 నుంచి వస్తున్న రకం అది, ఇప్పుడు 120 రంగులు. నా రెండు డబ్బాల మీదా ఏ గుర్తూ లేదు.

పాలీక్రోమోస్ ఒక్కో పెన్సిల్ ధరకి అటూఇటుగా పచ్చ డబ్బా ఒకటి వస్తుంది, అందుకే సెట్టు జోలికి పోలేదు. బొమ్మల పుస్తకం మూసి బీరువాలో పెట్టుకునేవాళ్ళకి, ఫోటో తీసి దాచుకునేవాళ్ళకి చవక డబ్బా చాలు, నేనిప్పటికీ హార్బర్‌కి పచ్చదే తీసుకెళ్తాను. ఎవరికైనా ఇవ్వాలన్నా, డబ్బు తీసుకుని వేయాలన్నా గులాబీ, ఊదా, లేత ఎరుపులు మాత్రం విడిగా మంచివి కొనండి. మిగతావి ఏ డబ్బాలోవైనా పరవాలేదు.

నేను మొన్న ద్వారకానగర్‌లో అలా మూడు విడి పెన్సిళ్ళు కొన్నాను. చెల్లెలికి కాగితం పూలు మళ్ళీ మొదలుపెట్టాను. పచ్చ డబ్బాలోంచి పాత గులాబీ, ఊదా తీసేసి, ఆ ఖాళీలో బ్లేడు పెట్టుకున్నాను.