పాత పీసీలో ఎస్‌ఎస్‌డీ: ఆరేళ్ల తర్వాత

2012లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్‌లో 2019లో 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్పుల్లో డేటా దాచే డ్రైవ్) పెట్టాను. పెట్టిన వారంలోనే ఆకాశానికెత్తేశాను. మూడో ఏడు వచ్చేసరికి అదే ఎస్‌ఎస్‌డీని కనిపించిన వాళ్లందరి దగ్గరా తిట్టాను. ఇప్పుడు రెండూ కాస్త దిద్దుకోవాలి.

పొగడ్త సంగతి ముందు. హార్డ్ డిస్క్ ఉన్నప్పుడు స్విచ్ నొక్కి, మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నా అది ఇంకా కరకరలాడుతూనే ఉండేది. ఎస్‌ఎస్‌డీ వచ్చాక అరనిమిషంలో పనిలో పడ్డాను. మాది హెచ్61 రకం మదర్‌బోర్డు, డ్రైవ్‌లు తగిలించే సాటా పోర్టులన్నీ సెకనుకు 3 గిగాబిట్ల పాతరకమే. డబ్బా మీద సెకనుకు 550 ఎంబీ అని రాసుంటే నాకు 270 కూడా దాటలేదు. ఈ అంకె చూపించి పాత బోర్డుకు ఎస్‌ఎస్‌డీ దండగ అనేవాళ్లున్నారు, నమ్మకండి. విండోస్ లేచేటప్పుడు చదివేది ఎక్కడెక్కడో పడున్న వేల చిన్న ముక్కల్ని. హార్డ్ డిస్క్ ఒక్కో ముక్కకీ చదివే హెడ్‌ని జరిపి, లోపలి పళ్లెం తిరిగొచ్చేదాకా కాచుకోవాలి. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్‌లో ఆ తిరగడానికే సగటున 4 మిల్లీసెకన్లు పోతాయి. ఎస్‌ఎస్‌డీకి ఆ ఎదురుచూపు లేదు.

ఇక తిట్టిన కథ. మూడో ఏడు ఒకరోజు ఉన్నట్టుండి పీసీ బిగుసుకుపోయింది. మౌస్ కదులుతుంది, ఏది నొక్కినా పలకదు, క్యాబినెట్ మీద డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతుంది. అరనిమిషం పోయాక ఏమీ ఎరగనట్టు మళ్లీ నడుస్తుంది. మొదట వారానికోసారి, తర్వాత రోజూ.

ర్యామ్ తీసి, పెన్సిల్ రబ్బరుతో కాంటాక్టులు రుద్ది పెట్టాను. నాలుగు రోజులు బాగుంది. మళ్లీ మొదలు. విండోస్ కొత్తగా ఎక్కించాను, ఐదు రోజులు బాగుంది. ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) మార్చాను. డబ్బు పోసిన వైద్యం కదా, ఈసారి తగ్గిపోయిందని వారం రోజులు గట్టిగా నమ్మాను. అదీ తిరగబెట్టాక ఇక నేరం ఎస్‌ఎస్‌డీదేనని తేల్చేశాను. చవకరకం కొంటే ఇంతే అని ఒక మిత్రుణ్ణి కొనకుండా ఆపాను కూడా.

కొత్తది కొనేముందు దీని ఆరోగ్యం ఒకసారి చూద్దామని క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాం తెరిచాను. 94 శాతం, 'గుడ్' అంటోంది! కింద పట్టికలో సీ7 అనే వరుస దగ్గర మాత్రం సున్నా ఉండాల్సిన చోట పెద్ద అంకె ఉంది. (అక్కడి అంకెలు మామూలుగా హెక్స్ అనే పదహారు గుర్తుల లెక్కలో ఉంటాయి, సెట్టింగుల్లో మార్చుకుంటేగానీ మన లెక్కకు రావు.) అది సీఆర్‌సీ ఎర్రర్ల లెక్క. డ్రైవ్‌కీ బోర్డుకీ మధ్య దారిలో డేటా చెడిపోయి దొరికిపోయిన ప్రతిసారీ పెరుగుతుంది. లోపలి చిప్పులకు దానితో సంబంధం లేదు. సాయంత్రానికి ఇంకో నలభై పెరిగింది.

దారి అంటే సాటా కేబులే. 2012లో బోర్డుతో పాటు వచ్చిన ఎర్ర కేబుల్, కొసన పట్టుకునే క్లిప్పు కూడా లేనిది. పాత క్యాబినెట్‌లో రెండున్నర అంగుళాల డ్రైవ్‌కు చోటు లేక, ఎస్‌ఎస్‌డీని లోపలి రేకుకి డబుల్ సైడ్ టేపుతో నేనే అంటించాను. మూడేళ్ల వేడికి టేపు జారింది, డ్రైవ్ వేలాడింది, బరువు కేబుల్ మెడ మీద పడింది. ర్యామ్ తీయాలంటే ఆ కేబుల్‌ని పక్కకి నెట్టాలి. విండోస్ ఎక్కించే ముందు పొరపాటున ఫార్మాట్ చేస్తానేమోనని డేటా డిస్క్ కేబుల్ పీకేవాణ్ణి, ఆ చేత్తోనే ఇదీ సర్దుకునేది. ఎస్‌ఎంపీఎస్ మార్చినప్పుడైతే అన్నీ పీకి పెట్టాను. నా ప్రతి వైద్యంలోనూ పనిచేసింది ఆ చేయి తగలడమే.

క్లిప్పున్న కేబుల్ వేసి, డ్రైవ్‌ని బ్రాకెట్‌కి స్క్రూలతో బిగించాను. ఆ లెక్క మళ్లీ సున్నాకు రాదు, పెరుగుతోందా లేదా అనేదే చూసుకోవాలి. నాది 2,316 దగ్గర ఆగింది. మూడేళ్లు దాటింది, కదల్లేదు. మిత్రుడికి ఫోన్ చేసి చెబితే అతను ఎప్పుడో కొనేశానన్నాడు.

ఆ తొలి పొగడ్తలో 'కొత్త కంప్యూటరైపోయింది' అన్నాను. అదే నెలలో 4 జీబీ ర్యామ్ పక్కన ఇంకో 4 జీబీ కూడా పెట్టిన సంగతి ఎందుకో చెప్పలేదు. బ్రౌజర్‌లో ట్యాబులు తెరిచినా ఊపిరాడిందంటే అందులో సగం పుణ్యం ర్యామ్‌ది. పైగా 240 జీబీ నిండుతున్న కొద్దీ పెద్ద ఫైళ్ల కాపీ నత్తనడకే. ఇప్పుడు నలభై జీబీ ఎప్పుడూ ఖాళీగా వదులుతున్నాను.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయింది. రెండో తరం ఐ3 ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని బోర్డు కాబట్టి విండోస్ 11కి పనికొచ్చే జాబితాలో మాది లేదు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకున్నాను. నా పనులు ఉత్తరాలు, జమాఖర్చులు, పాత ఫొటోలు, కాసేపు వీడియోలు. వీటికి ఇంకో రెండేళ్లు లాగుతుందనుకుంటున్నాను. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకి దీన్ని బాగుచేసుకోమని చెప్పను. నాకు విప్పి చూసే సరదా ఉంది గనక సరిపోయింది. దీనికి ఖర్చయిన ఆదివారాలకు కూలి కట్టే పనైతే కొత్తదే చవకేమో.